చెట్టుకు చెప్పిన పేరు

ఉరగవేణి నది దాటితే సువర్ణాచల రాజ్యపు చట్టం ఆగిపోయి, వర్తక సంఘమైన శ్రేణి చట్టం మొదలవుతుందని లోకంలో ఒక మాట ఉండేది. అది ఉత్త మాట కాదని పడవ దిగీ దిగగానే పోలనకు తెలిసిపోయింది. రేవులో రాజముద్ర చెక్కిన రాతి స్తంభాన్ని ఎవరో నడిమికి విరగగొట్టారు. మిగిలిన మొండానికి పడవ తాళ్ళు కట్టుకుంటున్నారు. రాజుగారి పరువు ఆ గట్టున అంతవరకే మిగిలింది.

స్తంభం వెనక గొడ్డలిపేట. అబ్బ, ఏం పట్టణమది! రాయి లేదు, ఇటుక లేదు, ఊరంతా కొయ్యే. ఆకాశాన్నంటే మానులు వరసగా పాతి, తలలు మొనలుగా చెక్కి కట్టిన ప్రాకారం. దుంగలు పరిచిన వీధులు. రంపపు పొట్టు మోకాటి లోతున పేరుకున్న సందులు. వీటన్నిటి నడుమ శ్రేణి పెద్ద వజ్రగుప్తుడి ఏడంతస్తుల మేడ, సిందూరం పులిమినట్టు ఎర్రని కొయ్యతో కట్టింది. ఆ కొయ్యలాంటి కొయ్య ఏడు సముద్రాల మీద తిరిగే ఓడలకు తప్ప మరెక్కడా లేదట. ఎండ ముదిరితే ఆ మేడ గోడలు చెమర్చేవి. ఊరివాళ్ళు ఆ వేళకు మేడవైపు చూడకుండా తలలు దించుకుని నడిచేవాళ్ళు.

అంత పట్టణంలోనూ ఒకరి పేరు ఒకరి నోట వినబడదు. రంపం లాగేవాణ్ణి 'రంపం' అంటారు, మోకులు మోసేవాణ్ణి 'మోకు' అంటారు. కన్నతల్లి కూడా కొడుకును 'ఇట్రారా' అంటుందే గాని పేరు పెట్టి పిలవదు. పేరు బయటపడ్డవాడు మాయమైపోతాడని వాళ్ళ భయం. ఎలా మాయమవుతాడో మాత్రం ఏ ఒక్కరికీ తెలియదు.

ఇక మన పోలన మహావీరుడా అంటే, ఆ ముచ్చటేమీ లేదు. మీద బల్లి పడితే తలారా స్నానం చేసేదాకా వణికే రకం. అలాంటివాడు మేక వెంట్రుకల గడ్డం అంటించుకుని, 'ముమ్మన' అని దొంగపేరు పెట్టుకుని, తోడేళ్ళ కనుమ దాటి ఇక్కడికి రావడానికి కారణం అతని అక్క నీలసాని. తల్లి పోయిన నాటి నుంచి అతన్ని చంకనేసుకుని పెంచిన మనిషి. ఆమె పెనిమిటి శ్రేణి కొలువులో చేరి కబురు లేకుండా పోయాడు. అతన్ని వెతుక్కుంటూ వచ్చిన నీలసాని కూడా తిరిగి రాలేదు. అక్క బతికి ఉంటే ఇంటికి తీసుకుపోవాలి. పోలనకు ఈ లోకంలో ఇంకో పనిలేదు.

కొలువు కుదుర్చుకునే చోట వజ్రగుప్తుడు స్వయంగా కూర్చున్నాడు. మెత్తని మనిషి, మాట అంతకన్నా మెత్తన. అతని వెనక మాంత్రికుడు ఘూకాక్షుడు నిలబడి ఉన్నాడు. గుడ్లగూబ కళ్ళు, రెప్ప వేయడు, ఒళ్ళు కదలకుండానే తల వీపు దాకా తిప్పుతాడు. చేతిలో తడిమట్టి ముద్ద పెట్టుకుని చిన్నచిన్నగా ఏదో చేస్తున్నాడు. ఏం చేస్తున్నాడో చూద్దామంటే పోలనకు తలెత్తే ధైర్యం చాలలేదు.

"నిన్నేమని పిలవాలి నాయనా?" అన్నాడు వజ్రగుప్తుడు.

"ముమ్మనంటారు దొరా."

మాంత్రికుడు గొంతులోనే "హుఁ హుఁ" అని నవ్వాడు.

"ఆయన నవ్వు పట్టించుకోకు. ఇక్కడ అందరూ మారుపేర్లతోనే వస్తారు. ఎవరి పేరు వారి దగ్గరే ఉండనీ, మాకు కావలసింది పని," అన్నాడు వజ్రగుప్తుడు. "ఒక్కటి మాత్రం మరవకు. మాను కొట్టేవాళ్ళు మీరు, మీ ఆచారం మీకుంది. మొదటి దెబ్బ వేసేముందు చెట్టుకు చేయవలసిన మర్యాద చెయ్యి. మీ పెద్దల కట్టుబాటంటే శ్రేణికి ఎంతో గౌరవం."

ఆ మాటకు పోలన మనసు కుదుటపడింది. అడవిని నరికి అమ్ముకునేవాడికి చెట్టు మర్యాద మీద ఇంత పట్టింపు దేనికని అతనికి అనుమానమే రాలేదు. నక్క వినయం చూసి మురిసిపోయిన కోళ్ళలో అతను మొదటివాడూ కాదు, ఆఖరివాడూ కాదు.

ఏనుగుల దొడ్డి పక్కన వంటసాల. అక్కడ గంజి పోస్తున్న తిప్పసాని అనే ముసలామె ఆ దొడ్డిలోనే మావటి కూడా. గుమ్మడి అనే ఆడ ఏనుగు ఆమె భుజం మీద తొండం వేసి నిలబడి ఉంది.

"కొత్తోడివా? ఒక మాట చెప్తా, చెవిన బెట్టుకో," అంది తిప్పసాని గొంతు తగ్గించి. "ఈడ ఏ మడిసికీ నీ పేరు చెప్పమాక. కాళ్ళు పట్టుకున్నా చెప్పమాక. చెప్పినోళ్ళు చెప్పినట్టే పోయారు."

"ఎక్కడికి పోయారవ్వా?"

"అది తెలిస్తే ఈ జుట్టు ఇట్టా నెరిసేదా? ఒక్కటి తెలుసు. ఈడ మడిసి ఒకడు తగ్గినప్పుడల్లా, ఆ కొండ మీన ఎర్రమాను ఒకటి ఎక్కువవుద్ది. ఆ మానులు కొట్టి పడేస్తే నా గుమ్మడి లాగదు. అంకుశంతో పొడిచినా లాగదు. కళ్ళెంబడి నీళ్ళు కారుస్తా నిలబడుద్ది."

పోలన గంజి ముంత పక్కన పెట్టేశాడు. అక్క సంగతి అడగాలని నాలుక చివరిదాకా వచ్చింది. అడగాలంటే అక్క పేరు చెప్పాలి. ఎవరు వింటున్నారో ఏమోనని మింగేశాడు.

మర్నాడు పొద్దున్నే కొలువువాళ్ళను జంటలు జంటలుగా అడవిలోకి తోలారు. పోలనకు రేచన అనే కొత్తవాడు జత పడ్డాడు. బొద్దుగా, నోరు మూతపడని మనిషి, కలిసీ కలవగానే పోలన చెవిలో పేరు కూడా చెప్పేశాడు. దారి పొడుగునా తన తల్లి వండే చేపల పులుసు గురించే చెప్పాడు. తన భయం దాచుకోవడానికే అంత మాట్లాడుతున్నాడని పోలనకు అర్థమై, పాపం అనిపించింది.

ఆ అడవి వర్ణించడానికి నోరు చాలదు. పగలే చీకటి. ఒక్కొక్క మాను చుట్టూ పదిమంది చేతులు కలిపినా అందవు. తీగలు మానుకూ మానుకూ మధ్య ఊయలలై వేలాడుతున్నాయి. తేనె పట్టుల నుంచి తేనె కారి నేల మీద మడుగులు కడుతోంది. ఇంత ఉండి, ఒక్క పక్షి కూయదు. కావలివాళ్ళు ఇద్దరినీ ఒక మహావృక్షం ముందు నిలబెట్టి, "ఇదే మీ మాను," అని చెప్పి వెళ్ళిపోయారు.

మాను కొట్టేవాళ్ళ ఆచారం ఏమిటంటే, మొదటి దెబ్బకు ముందు చెట్టు బోదెకు అరచెయ్యి ఆనించి, కొట్టబోయేవాడు తన అసలు పేరు చెప్పాలి. తనను చంపేది ఎవరో తెలుసుకునే హక్కు చెట్టుకు ఉంది. ఒకడు చెబుతుండగా జతగాడు చెవులు మూసుకోవాలి, అది చెట్టుకూ వాడికీ మధ్య మాట. పేరు చెప్పిన చెట్టును ఆ పొద్దు గుంకేవరకూ చెప్పినవాళ్ళే కొట్టాలి, ఇంకొకడు గొడ్డలి తాకించకూడదు. అన్నిటికన్నా పెద్ద కట్టుబాటు ఇంకొకటి ఉంది. చెట్టుకు అబద్ధపు పేరు చెబితే, ఆ చెట్టు చెప్పినవాడి మీద కాదు, జతగాడి మీద పడుతుంది.

రేచన ముందు వెళ్ళి చెయ్యి ఆనించి, గొణిగి వచ్చాడు. పోలన వంతు వచ్చింది. ముమ్మన అని చెబితే తీరిపోయేది. కాని పక్కన చేపల పులుసు రేచన చెవులు గట్టిగా మూసుకుని, కళ్ళు కూడా మూసుకుని, నమ్మకంగా నిలబడి ఉన్నాడు. ఆ తల మీద ఇంత మానును ఎలా పడేయడం? మనుషులకు పేరు చెప్పవద్దంది గాని, తిప్పసాని చెట్టుకు చెప్పవద్దనలేదు కదా. ఏ కోతగాడూ చెట్టును మనుషుల్లో లెక్కవేయడు, అందుకే అంతమంది కోతగాళ్ళు మాయమైపోయారు.

"నేను పోలనను. గుట్టకోన ఎల్లన కొడుకును. తల్లీ, మన్నించు," అని గుసగుసగా చెప్పాడు.

చెయ్యి తీయబోతుంటే బెరడు పగులులో ఏదో తగిలింది. మెత్తగా, చల్లగా ఉంది. వంగి చూశాడు. చెవి! మట్టితో చేసి, ముళ్ళతో బెరడుకు గుచ్చిన మనిషి చెవి. తడి ఇంకా ఆరలేదు. చూస్తుండగానే ఆ చెవి తమ్మె టపటపా కొట్టుకుంది, విన్నది చాలన్నట్టు ముడుచుకుపోయింది.

గోడలకు చెవులుంటాయని పెద్దలు ఊరకే అనలేదు. చెట్లకు కూడా ఉంటాయని చెప్పడం మాత్రం మరిచిపోయారు. మాంత్రికుడు మట్టితో చేస్తున్నదేమిటో పోలనకు ఇప్పుడు తెలిసింది. ఒళ్ళంతా చెమట పట్టి, అంటించుకున్న గడ్డం సగం ఊడి వేలాడింది.

"రేచా, పద, పారిపోదాం!" అనబోయాడు. అంతలో అడవి లోపలి నుంచి ఒక ముసలి గొంతు వినిపించింది.

"రేచనా! అయ్యా రేచనా! అన్నం చల్లారిపోతందిరా!"

"వత్తన్నానమ్మా!" అన్నాడు రేచన, ఆలోచించకుండా. ఎక్కడో పొలిమేరల అవతల ఉన్న తల్లి ఇక్కడికెలా వచ్చిందని అడిగే వ్యవధి కూడా లేదు. తల్లి పిలిస్తే ఎవడైనా ముందు పలుకుతాడు, తర్వాతే ఆలోచిస్తాడు.

అడుగు వేయబోయాడు. కాలు లేవలేదు. కిందికి చూసుకున్నాడు. మడమల్లోంచి వేళ్ళు దిగి మట్టిలోకి పాకుతున్నాయి. "అన్నా, నా కాళ్ళు... నా కాళ్ళన్నా!" అని చేతులు చాపాడు. చాచిన చేతులు చాచినట్టే కొమ్మలైపోయాయి. ఎర్రని బెరడు నడుము దాటి, రొమ్ము దాటి, గడ్డం దాకా వచ్చింది. పోలన రెండు చేతులతో దాన్ని గోకాడు, గోళ్ళు విరిగాయి గాని బెరడు ఆగలేదు. చివరి కేక సగంలో ఆకుల గలగలగా మారిపోయింది. బొద్దు మనిషి ఉన్నచోట ఒక ఎర్రమాను నిలబడి ఉంది.

కావలివాళ్ళు పొదల్లోంచి వస్తున్న చప్పుడయ్యింది. పోలన ఒక తొర్రలోకి దూరాడు. వాళ్ళు తాపీగా వచ్చి, శ్రేణి ముద్ర ఉన్న సుత్తితో ఆ కొత్త మాను మీద ఒక దెబ్బ వేశారు. మాను ఆపాదమస్తకం వణికింది. "బాగా కండ పట్టింది ఇది," అన్నాడొకడు. రెండోవాడు నవ్వుతూ, "ఇంకొకడున్నాడుగా. అయ్యగారు పిలుస్తారులే," అన్నాడు.

పోలన తొర్రలో ముడుచుకుని లెక్క కలుపుకున్నాడు. చెవి పేరు వింటుంది. మాంత్రికుడు అయినవాళ్ళ గొంతు పెట్టి, ఆ పేరుతో పిలుస్తాడు. పలికినవాడు మాను అవుతాడు. తన పేరు ఇప్పుడు వాడి చేతిలో ఉంది. అక్కను ఏ గతి పట్టించారో ఆలోచించేసరికి ఏడుపు తన్నుకొచ్చింది.

అప్పుడే వినిపించింది.

"పోలనా! నాయనా, పోలనా! నేనురా, అక్కను!"

అదే గొంతు. జ్వరమొచ్చిన రాత్రులు తల నిమిరిన గొంతు. పోలన నోరు దానంతటదే తెరుచుకుంది. తలగుడ్డ చింపి నోట్లో కుక్కుకున్నాడు. పళ్ళ మధ్య గుడ్డ నలిగిపోయేలా కొరుకుతూ, తొర్రలోంచి బయటపడి ఏనుగుల దొడ్డివైపు పరుగందుకున్నాడు. ఎటు తిరిగితే అటు పొదల్లోంచి, నేలలోంచి, "పోలనా! పోలనా!" అంటూ అక్క గొంతు తరిమింది. కంపలు చీరాయి, రెండుసార్లు పడ్డాడు, గడ్డం ఎక్కడ ఊడిపోయిందో తెలియదు.

పొద్దు వాలేవేళకు దొడ్డి చేరిన అతన్ని చూడగానే తిప్పసాని గడ్డివాము వెనక్కి లాక్కుపోయింది. గుడ్డ పీకి, జరిగిందంతా ఒక్క గుక్కలో చెప్పాడు. అక్క పేరు కూడా చెప్పేశాడు. ముసలామె రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది.

"నీలసానా? అయ్యో నా తల్లి! ఈ వంటసాలలో నా పక్కనే గంజి కాసేదిరా, నా ఒక్కదానికే పేరు చెప్పింది. వంటచెరుకు కొట్టుకొస్తానని పోయింది, మళ్ళీ రాలా. ఈ గుమ్మడికి రోజూ బెల్లం ముద్ద పెట్టేది. ఆయమ్మ పోయిన కాడి నుంచీ, సందేళ అయితే ఇది గొలుసు తెంచుకుని పోయి, కొండ మీన ఒకే ఒక్క ఎర్రమానుకు ఆనుకుని నిలబడుద్ది."

"ఆ మాను చూపించవ్వా! నీకు దండం పెడతాను, పద!"

తిప్పసాని కదలలేదు. "ఎట్టా చెప్పేదిరా నీకు... ఓడకు పెద్ద కొయ్య కావాలని దొర హుకుమేశాడు. ఇయ్యాల ఆ మాను వంతు. కొట్టేవాళ్ళు ఈపాటికి కొండెక్కుంటారు."

మరుక్షణం ఇద్దరూ గుమ్మడి మీద ఉన్నారు. గుమ్మడికి దారి చెప్పనక్కరలేకపోయింది. కంచెను రొమ్ముతో తోసేసి, వాగులో దిగి, రాళ్ళ మీద జారుతూ లేస్తూ కొండ ఎక్కింది. వెనక నుంచి కావలివాళ్ళ బాణాలు వచ్చి తిప్పసాని వీపున కట్టుకున్న తాటాకు గొడుగులో దిగబడ్డాయి. పోలన గుడ్డ మళ్ళీ నోట్లో కుక్కుకుని, ఏనుగు చెవి వెనక బల్లిలా కరుచుకుపోయాడు.

కొండ మీద ఎర్రమానుల తోపు. గాలి లేకపోయినా ఆకులు కదులుతున్నాయి. వజ్రగుప్తుడు పల్లకీలో కూర్చుని ఉన్నాడు, పక్కన ఘూకాక్షుడు. అన్నిటికన్నా ఎత్తయిన మాను ముందు కోతగాళ్ళు గొడ్డళ్ళతో నిలబడ్డారు. అందరూ చెవులు మూసుకున్నారు. వాళ్ళ పెద్ద తన పేరు చెప్పడానికి అరచెయ్యి చాపి, మాను దగ్గరికి నడుస్తున్నాడు. గుమ్మడి ఆ మానును చూసి పసిబిడ్డలా కీచుమంది.

పోలన దూకాడు. మోకాలు చిప్ప పగిలినంత నొప్పి పుట్టింది. కుంటుతూనే ఉరికి, ఆ పెద్దను భుజంతో పక్కకు తోసి, తన అరచేతిని ముందుగా మానుకు ఆనించాడు. నోట్లో గుడ్డ ఊసేసి, కొండంతా వినబడేలా అరిచాడు.

"నేను పోలనను! గుట్టకోన ఎల్లన కొడుకును! ఈ మానుకు నా పేరు చెప్పాను!"

చెవుల మీది చేతులు ఒక్కటొక్కటే దిగాయి. కోతగాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పెద్ద తన గొడ్డలి నేలకు దించాడు. "ఆడు చెప్పేశాడు దొరా. ఇంక పొద్దు గుంకేదాకా మేం ముట్టకూడదు," అన్నాడు. కావలివాళ్ళు కత్తులు దూసినా ఒక్క కోతగాడు కదలలేదు. వాళ్ళు శ్రేణికి ఎంత భయపడేవాళ్ళయినా, చెట్టు మాటకు అంతకన్నా ఎక్కువ భయపడేవాళ్ళు.

వజ్రగుప్తుడికి కోపం వస్తుందని పోలన అనుకున్నాడు. రాలేదు. అతను పల్లకీ దిగి, చిరునవ్వుతో దగ్గరికి వచ్చాడు.

"శ్రేణికి మీ ఆచారమంటే గౌరవమని ముందే చెప్పాను కదా. పేరు చెప్పినవాడే కొట్టాలి. అంతేగా?" అని కోతగాళ్ళ పెద్దను అడిగాడు. పెద్ద తలూపాడు. "అయితే ఇతనికి గొడ్డలి ఇవ్వండి. పొద్దు గుంకేలోగా కొట్టాడా, ప్రాణాలతో ఇంటికి పోవచ్చు, నాది మాట. కొట్టలేదా, పొద్దు గుంకాక మీరు కొడతారు."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. పడమట ఎర్రమానుల తలలకు పొద్దు అప్పుడే తాకుతోంది. ఎవరో గొడ్డలి తెచ్చి పోలన చేతిలో పెట్టారు. నుదురు బెరడుకు ఆనించి ఏడ్చాడు.

బెరడు వెచ్చగా ఉంది. లోపల ఎక్కడో, చాలా లోతున, ఒక గొంతు కదిలింది. అడవంతా తరిమిన గొంతులాంటిదే, కాని అలసిపోయి, బొంగురుపోయి ఉంది.

"ఏడవమాకురా. కొట్టెయ్. మొదలు కాడ కొట్టు, ఒక్క దెబ్బకు పోతాను. వాళ్ళు కొట్టేకన్నా నువ్వు కొడితే నాకు నయం. నువ్వైనా ఇంటికి పో నాయనా. నాకు బదులు చెప్పొచ్చులే, భయపడమాక. నేను నిన్ను పేరు పెట్టి పిలవడం లేదు."

పోలనకు కాళ్ళలో సత్తువ ఎక్కడి నుంచి వచ్చిందో ఏమో. అదే అక్క. అతన్ని ఎన్నడూ ఆపదలో పెట్టని అక్క ఇదే.

"కొట్టనక్కా," అన్నాడు.

గొడ్డలి తిప్పి పట్టుకున్నాడు. మానుకు వీపు ఆనించి, శ్రేణివాళ్ళందరికీ ఎదురుగా నిలబడ్డాడు. తిప్పసాని గుమ్మడిని తెచ్చి అతని పక్కన నిలిపింది.

వజ్రగుప్తుడి నవ్వు ఆరిపోయింది. మాంత్రికుడికి సైగ చేశాడు. ఘూకాక్షుడు పల్లకీ దాటి ముందుకు వచ్చి, రెప్ప వేయని కళ్ళతో పోలనను చూస్తూ నోరు తెరిచాడు. ఆ నోట్లోంచి నీలసాని గొంతు కమ్మగా, ప్రేమగా, "పోలనా!" అని పిలిచింది.

పోలన వీపు వెనక బెరడు లోపల, అసలు నీలసాని ఊపిరి బిగబట్టింది.